చార్మినారా... రాజు బొమ్మా?

కోదాడ దాటితే జగ్గయ్యపేట. ఒకప్పుడు ఆ కాస్త దూరంలోనే రూపాయి మారిపోయేది! ఇటు సూర్యాపేట, మిర్యాలగూడల్లో నిజాం హాలీ సిక్కా, అటు ఆంగ్లేయుల కల్దారు. సుమారు 7 హాలీ రూపాయలకు 6 కల్దార్లు.

కల్దారుపై రాజు బొమ్మ, హాలీపై చార్మినార్. ఏడో నిజాం నాణెమైతే ఆ ద్వారంలో 'ఐన్' అనే ఉర్దూ అక్షరం. నాణేలు సేకరించేవారికి ఈ తేడాలే పెన్నిధి!

1950ల చివరికి హాలీ కనుమరుగైంది. వెండి కదా అని కరిగిస్తే దక్కేది తూకం ధరే. నాన్నమ్మ పెట్టెలో ఒక్కటి దొరికినా చింతపండుతో తోమకండి. మెరుపొస్తుంది, ముద్ర అరిగి విలువ పోతుంది.

పాతవి లేవా? ఇంట్లో చిల్లర తీయండి. సంవత్సరం కింద నక్షత్రముంటే హైదరాబాద్ టంకశాలది, వజ్రపు గుర్తుంటే ముంబయిది. పిల్లలతో వెతికించండి మరి!