కణంలోని పుస్తకం



మా వీధిలో ఒకావిడకి కేన్సరు వచ్చింది. ఇంట్లోవాళ్లు ఆమె మంచినీళ్ల గ్లాసు వేరే పెట్టారు. "నుదుటి రాత" అన్నారు. కేన్సరు పక్కన కూచుంటే అంటుకోదు. రాత మాట మాత్రం కొంచెం నిజమే. అయితే ఆ రాత నుదుటి మీద లేదు, కణంలో ఉంది.

ఇటుకలతో ఇల్లు కట్టినట్టు మన ఒళ్లు కణాలతో కట్టి ఉంది. కణం మామూలు కంటికి ఆనదు. అంత చిన్న కణంలో సుమారు 2 మీటర్ల పొడవు దారం ఉంది! దాని పేరు డిఎన్ఏ. కణం చెయ్యాల్సిన పనులన్నీ దాని మీద రాసి ఉంటాయి.

మరి దారం చిక్కుపడదా? నేతగాళ్ల ఇంట్లో నూలు కండెలకి చుట్టినట్టు, ఈ దారం హిస్టోన్లు అనే కండెలకి చుట్టి ఉంటుంది. కండెలూ దారమూ కలిపి క్రొమాటిన్ అంటారు.

కంటి కణంలోనూ చర్మం కణంలోనూ ఒకటే రాత. మరి చర్మం చూడదేం? బిగించి చుట్టినచోట రాత చదవటానికి వీలుకాదు. మూసిన పుస్తకం మనం మాత్రం చదవగలమా? కంట్లో ఒక పేజీ తెరిచి ఉంటుంది, చర్మంలో ఇంకో పేజీ.

ఈ పేజీలు తెరిచేది ఎవరు? అమెరికాలో 1951లో పుట్టిన డేవిడ్ ఆలిస్ అనే శాస్త్రవేత్త ఇదే వెతికారు. అందుకోసం టెట్రాహైమెనా అనే జీవిని ఎంచుకున్నారు. అది చెరువు నీళ్లలో ఉంటుంది. దాని ఒళ్లంతా ఒకే కణం. ఆ కణంలో రెండు కేంద్రకాలు. పెద్దది తెరిచిన పుస్తకం, చిన్నది మూసిన పుస్తకం. పక్కపక్కనే పెట్టి పోల్చుకోవచ్చు! ఆయన ఏళ్ల తరబడి దాన్నే నమ్ముకున్నారు. చివరికి 1996లో ఆయన బృందానికి ఒక ఎంజైము దొరికింది. అది కండె మీద చిన్న గుర్తు పెడుతుంది. గుర్తు పడితే చుట్టు వదులవుతుంది. మూసి ఉంచే గుర్తులు వేరే ఉన్నాయి.

గుర్తులు తప్పితే కణం ఆగాల్సినచోట ఆగదు. పిల్లల మెదడులో వచ్చే ఒక కేన్సరు ఇలాంటిదే. అందులో కండె తయారీ రాతలో ఒక్క అక్షరం తప్పు ఉందని 2012లో తెలిసింది. ఒక్క అక్షరం! దిద్దుబాటు చేసేటప్పుడు నేనెందుకు విసిగిస్తానో ఇప్పుడు తెలిసిందా? ఆ తప్పు కండె, మూసే గుర్తు పెట్టే ఎంజైముకి అడ్డుపడుతుందని 2013లో ఆలిస్ బృందం చూపింది. దాంతో మూసి ఉండాల్సిన పేజీలు తెరుచుకుంటాయి.

ఆ పిల్లల జబ్బుని పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. కానీ గుర్తుల్ని మందుతో మార్చవచ్చు. తెరిచే గుర్తులు చెరిగిపోకుండా ఆపే వోరినోస్టాట్ అనే మందుకి, చర్మంలో కనపడే ఒక రకం కేన్సరు కోసం 2006లో అమెరికాలో అనుమతి ఇచ్చారు.

ఆలిస్‌కి 2018లో లాస్కర్ బహుమతి వచ్చింది. 2023 జనవరిలో ఆయన కన్నుమూశారు.