సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో గ్రామీణ బ్రాడ్‌బ్యాండ్

తెలంగాణ రాష్ట్రంలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల పరిసర గ్రామాలకు వేగవంతమైన అంతర్జాల సదుపాయం కల్పించే ప్రయత్నం 2005 తరువాత మొదలై నేటికీ కొనసాగుతున్నది. ఈ మూడు పట్టణాలూ పూర్వపు నల్గొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట, కోదాడ కొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. పంచాయతీ కార్యాలయం వరకు తీగ రావడం ఒక ఎత్తు, అక్కడి నుండి ఇంటింటికీ చేరడం మరొక ఎత్తు. గ్రామీణ బ్రాడ్‌బ్యాండ్ చరిత్రలో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్య దూరానికి సంబంధించినదే.

ప్రాంత నేపథ్యం

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారి (65వ నంబరు, పూర్వం 9వ నంబరు) పై ఉన్నాయి. సూర్యాపేటకు రైలు సౌకర్యం లేదు. మిర్యాలగూడ పగిడిపల్లి - నల్లపాడు రైలుమార్గంలో ఉన్నది; నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని వరి పంటకు, బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. దూరప్రాంతాలకు వెళ్ళే కేబుళ్ళను సాధారణంగా రహదారుల, రైలుమార్గాల వెంబడే వేస్తారు. ఆ కారణంగా ఇటువంటి పట్టణాలకు తంతువు ముందుగా చేరుతుంది. దారికి దూరంగా ఉన్న పల్లెల సంగతి వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి నల్గొండ జిల్లాలోని సుమారు 34.88 లక్షల జనాభాలో దాదాపు ఐదింట నాలుగు వంతుల మంది గ్రామవాసులే.

రాగి తీగల కాలం

భారత ప్రభుత్వం 2004లో ప్రకటించిన బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని బ్రాడ్‌బ్యాండ్‌గా నిర్వచించింది. దీనిని 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ అప్పటికే ఉన్న టెలిఫోను తీగల మీదుగా ఈ సేవను ప్రారంభించింది. సూర్యాపేట (08684), కోదాడ (08683), మిర్యాలగూడ (08689) ఎస్.టి.డి. కోడ్‌లు గల ల్యాండ్‌లైన్ ఫోన్లు ఉన్న ఇళ్ళకు, కార్యాలయాలకు ఇదే తొలి మార్గం.

రాగి తీగకు ఒక స్వాభావికమైన పరిమితి ఉంది. ఎక్స్ఛేంజి నుండి దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది. మూడు కిలోమీటర్లు దాటితే వేగం బాగా పడిపోతుంది, ఐదు కిలోమీటర్ల దూరంలో సేవ అందడమే కష్టం. పట్టణంలో వీధి చివరి ఇల్లు కూడా ఈ పరిధిలోకి వస్తుంది. పల్లెల్లో మాత్రం ఎక్స్ఛేంజి ఒక ఊరిలో, చందాదారు మరొక ఊరిలో ఉండేవారు. గ్రామీణ ఎక్స్ఛేంజిల నుండి బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడానికి సార్వత్రిక సేవా నిధి నుండి 2009లో బి.ఎస్.ఎన్.ఎల్.కు ఆర్థిక సహాయం మంజూరయింది. అయితే అదే కాలంలో సెల్‌ఫోన్ల రాకతో గ్రామాల్లో ల్యాండ్‌లైన్ ఫోన్లు తగ్గిపోసాగాయి. సేవకు ఆధారమైన తీగే కరువైపోతున్న సమయంలో వచ్చిన పథకమిది.

దృశా తంతువు, భారత్‌నెట్

దృశా తంతువు (ఆప్టికల్ ఫైబరు) వెంట్రుక వంటి గాజు పోగు. సంపూర్ణాంతర పరావర్తనం వలన కాంతి దీనిలో నుండి బయటకు పోకుండా చాలా దూరం ప్రయాణిస్తుంది. ప్రస్తుతం గ్రామాలకు వాడే జిపాన్ పద్ధతిలో ఒక ఎక్స్ఛేంజి నుండి దాదాపు 20 కిలోమీటర్ల వరకు, మధ్యలో విద్యుత్తుతో పనిచేసే పరికరమేదీ లేకుండానే, ఒకే పోగును పలు శాఖలుగా చీల్చి అనేక చోట్లకు సేవ అందించవచ్చు. రాగి తీగకు అందని దూరం దీనికి అందుతుంది.

దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలను ఈ తంతువుతో కలపడానికి కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకాన్ని ఆమోదించింది. 2012లో ప్రయోగాత్మకంగా చేపట్టిన మూడు చోట్లలో విశాఖపట్నం జిల్లాలోని పరవాడ ఒకటి. రెండేళ్ళలో పూర్తికావలసిన పని పలుమార్లు వాయిదా పడింది. 2015లో దీని పేరు భారత్‌నెట్‌గా మార్చారు. మొదటి దశలోని లక్ష పంచాయతీలు పూర్తయినట్లు 2017 డిసెంబరులో ప్రకటించారు.

తీగ చేరిన పంచాయతీలన్నిటిలోనూ సేవ నడవలేదు. పంచాయతీ కార్యాలయంలోని పెట్టెకు కరెంటు ఉండాలి, గదికి తాళం వేసి ఉండకూడదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడో కాలువ తవ్వేటప్పుడో కేబులు తెగితే అతికేవారు ఉండాలి. మొదటి నిర్మాణంలో తంతువు మండలం నుండి పంచాయతీకి కొమ్మవలె ఒకే దారిలో పోయేది. మధ్యలో ఒక్కచోట తెగితే ఆ తరువాతి ఊళ్ళన్నీ ఆగిపోతాయి. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయల వ్యయంతో ఆమోదించిన సవరించిన పథకంలో దీనిని వలయాకారంగా మార్చాలని నిర్ణయించారు. వలయంలో ఒకవైపు తెగినా సమాచారం రెండవవైపు నుండి వస్తుంది. పథకం మొదలైన పన్నెండేళ్ళకు తీసుకున్న నిర్ణయమిది.

నీటి గొట్టం పక్కన తంతువు

తెలంగాణ ఏర్పడిన తరువాత ఇంటింటికీ తాగునీరు ఇచ్చే మిషన్ భగీరథ పథకాన్ని చేపట్టారు. దాని పైలాన్‌ను 2015 జూన్ 8న ఫ్లోరైడు పీడిత నల్గొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. నీటి గొట్టాల కోసం తవ్విన కందకంలోనే తంతువు కొరకు మరొక సన్నని గొట్టం వేయాలన్నది టి-ఫైబర్ ఆలోచన. కేబులు వేయడంలో ఎక్కువ ఖర్చు గాజు పోగుకు కాదు, తవ్వకానికే అవుతుంది గనుక ఈ ఆలోచన సహేతుకమైనదే. కాని కందకం పూర్తయిన వేగంతో సేవ రాలేదు. 2024 డిసెంబరులో కూడా రాష్ట్రంలోని కొన్ని గ్రామాల్లో మాత్రమే ఇళ్ళకు సేవను ప్రయోగాత్మకంగా ప్రారంభించారు.

కోదాడ దాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తే పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ ఎ.పి. ఫైబర్‌నెట్ సంస్థ తవ్వకం జోలికి పోకుండా కరెంటు స్తంభాలపైనే 23 వేల కిలోమీటర్లకు పైగా కేబులు లాగింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంతో మొదలుపెట్టి, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు టీవీ, ఫోను, అంతర్జాలం మూడింటినీ ఇచ్చింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రారంభించారు. వేలాడే తీగకు గాలివానల బెడద ఉన్నా, ఖర్చు తక్కువ, మరమ్మతు సులభం. ఊళ్ళలోని కేబుల్ టీవీ ఆపరేటర్లకే చివరి అంచె అప్పగించడం దీనిలోని ముఖ్య విశేషం. బి.ఎస్.ఎన్.ఎల్. కూడా తరువాతి కాలంలో ఇదే దారి పట్టి, ఆదాయంలో వాటా ఇచ్చే పద్ధతిపై స్థానిక ఆపరేటర్ల ద్వారా ఫైబరు కనెక్షన్లు ఇస్తున్నది.

కొత్త పంచాయతీలు, తండాలు

లెక్కల్లో త్వరగా కనిపించని సమస్య ఒకటి ఉంది. భారత్‌నెట్ తొలి జాబితా పాత పంచాయతీల ఆధారంగా తయారైంది. 2018 ఆగస్టులో తెలంగాణలో తండాలను, శివారు గ్రామాలను విడదీసి కొత్త పంచాయతీలు ఏర్పరచగా, వాటి సంఖ్య సుమారు 8,700 నుండి 12,700కు పైగా పెరిగింది. దామరచర్ల పరిసరాల వంటి లంబాడా తండాలు అధికంగా గల ప్రాంతాలకు దీనివలన స్వపరిపాలన లభించింది. కాని పాత జాబితా ప్రకారం తంతువు చేరిన ఊరు వేరు, కొత్త పంచాయతీ వేరు.

ఉపయోగాలు, ఆధారపడటం

2011లో మొదలైన మీ సేవ కేంద్రాల ద్వారా ఆదాయ, కుల ధ్రువపత్రాలు అంతర్జాలం మీదనే జారీ అవుతున్నాయి. 2020 అక్టోబరులో వచ్చిన ధరణితో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాలకు మారాయి. దాని స్థానంలో 2025లో భూ భారతి వచ్చింది. తిరుమలగిరి వ్యవసాయ మార్కెట్టు జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్టు (ఇ-నామ్) లో చేరింది. రేషను దుకాణంలో వేలిముద్ర యంత్రానికి కూడా నెట్‌వర్క్ కావాలి. ఇటువంటి చోట్ల సేవ ఆగితే కలిగే నష్టం వినోదం కోల్పోవడం వంటిది కాదు, ఆ రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషి మరునాడు మళ్ళీ రావలసి ఉంటుంది.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుండి, రాష్ట్ర ప్రభుత్వం 3 నుండి 10వ తరగతి వరకు పాఠాలను ప్రధానంగా దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళ ద్వారా ప్రసారం చేసింది. టీవీ ఉన్నన్ని ఇళ్ళలో అంతర్జాలం లేకపోవడమే ఇందుకు ముఖ్య కారణం. టీవీ పాఠంలో విద్యార్థి సందేహం అడగడానికి వీలుండదు.

సెల్‌ఫోను ద్వారా అంతర్జాలం

2016 సెప్టెంబరులో జియో 4జీ సేవ మొదలైన తరువాత డేటా ధరలు బాగా తగ్గాయి. అప్పటి నుండి గ్రామస్థులలో అత్యధికులకు అంతర్జాలమంటే సెల్‌ఫోనే. బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ పరిజ్ఞానంతో రూపొందించిన 4జీ సేవను 2025 సెప్టెంబరు 27న జాతికి అంకితం చేశారు. టవరు నుండి ఇంటికి గాలిలోనే సంకేతం వస్తుంది కనుక తీగ అవసరం లేదని కొందరి అభిప్రాయం. అయితే ఒక టవరు సామర్థ్యాన్ని దాని పరిధిలోని వారందరూ పంచుకోవాలి. సాయంత్రం వేళ వేగం తగ్గడానికి ఇదొక కారణం. పైగా టవరును మిగతా నెట్‌వర్కుతో కలపడానికి మైక్రోవేవ్ కంటే తంతువుకు సామర్థ్యం ఎక్కువ. తంతువు చేరని ఊరిలో టవరు వేగానికీ పరిమితి తప్పదు.