స్తుతి (క్రైస్తవం)

స్తుతి అనగా క్రైస్తవ మతంలో దేవుని గుణాలను, ఆయన చేసినట్లు విశ్వసించే కార్యాలను మాటతోను, పాటతోను కొనియాడడం. ఇది క్రైస్తవ ఆరాధనలో ప్రధానమైన అంగం. విన్నపంలో భక్తుడు తన అవసరాన్ని దేవునికి చెప్పుకొంటాడు. కృతజ్ఞతలో తాను పొందిన మేలును తలచుకొంటాడు. స్తుతిలో మాత్రం మేలుతో నిమిత్తం లేకుండా, దేవుడు దేవుడైనందుకే ఆయనను కొనియాడుతాడు. ఆచరణలో ఈ మూడూ తరచు కలిసే ఉంటాయి. తెలుగు క్రైస్తవులలో "స్తోత్రం", "హల్లెలూయ" అనే మాటలు ఆరాధనలోనే కాక నిత్య సంభాషణలో కూడా వినిపిస్తాయి. తెలంగాణలోని పూర్వపు మెదక్ జిల్లా వంటి ప్రాంతాలలో, చదువు అందని గ్రామ సంఘాలకు స్తుతి కీర్తనలే చాలా కాలం మతబోధ సాధనాలుగా కూడా ఉపయోగపడ్డాయి.

పదాలు

బైబిలు పాత నిబంధన మూలభాష అయిన హీబ్రూలో స్తుతిని తెలిపే పదాలు అనేకం ఉన్నాయి. "హలల్" అనగా పొగడడం, "యాదా" అనగా ఒప్పుకొని కొనియాడడం, "జమర్" అనగా వాద్యంతో పాడడం, "తోదా" అనగా కృతజ్ఞతార్పణ. "హల్లెలూయ" అనే మాట "హలల్" నుండి వచ్చింది. దీనికి "యెహోవాను స్తుతించండి" అని అర్థం. కీర్తనల గ్రంథానికి హీబ్రూలో "తెహిల్లీమ్" అని పేరు, అంటే స్తుతులు. సంస్కృతం నుండి వచ్చిన స్తుతి, స్తోత్రం, కీర్తన అనే మాటలు తెలుగులో క్రైస్తవానికి ముందు నుండే దైవభక్తికి సంబంధించినవి. తెలుగు బైబిలు అనువాదకులు ఆ మాటలనే స్వీకరించారు.

బైబిలులో స్తుతి

కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలు ఉన్నాయి. వీటిలో చివరి ఐదు (146 నుండి 150 వరకు) హల్లెలూయ అనే పిలుపుతో మొదలై అదే పిలుపుతో ముగుస్తాయి. 113 నుండి 118 వరకు గల కీర్తనలను యూదులు పస్కా పండుగలో పాడుతారు. యేసు తన మరణానికి ముందు రాత్రి శిష్యులతో కలిసి పాడిన పాట వీటిలోనిదేనని అనేకమంది పండితుల అభిప్రాయం.

గ్రంథం పేరు స్తుతులే అయినా, అందులోని కీర్తనలలో సుమారు మూడో వంతు విలాపాలు. రోగం, శత్రుభయం, అన్యాయం, దేవుడు విడిచిపెట్టాడన్న బాధ వీటిలో దాపరికం లేకుండా కనిపిస్తాయి. ఈ విలాపాలలో చాలా వరకు స్తుతితో ముగుస్తాయి. 88వ కీర్తన మాత్రం చీకటిలోనే ముగుస్తుంది. 22వ కీర్తన ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. దేవుడు ఇశ్రాయేలు చేసే స్తోత్రములపై ఆసీనుడై ఉన్నాడన్న భావం ఈ కీర్తనలోనే ఉంది. స్తుతికి గల శక్తిని గురించి బోధించేవారు దీనిని తరచు ఉదహరిస్తారు. అయితే ఆ కీర్తన, దేవుడు తనను ఎందుకు విడిచాడన్న ప్రశ్నతో ఆరంభమవుతుంది. సువార్తల ప్రకారం యేసు సిలువపై పలికినది ఆ ప్రశ్నే.

ఈ విషయంలో సాధారణంగా పేర్కొనే కథలు మూడు.

యెహోషాపాతు: దినవృత్తాంతముల రెండవ గ్రంథం 20వ అధ్యాయం ప్రకారం, యూదా రాజైన యెహోషాపాతు శత్రువులపైకి వెళ్ళేటప్పుడు సైన్యానికి ముందు గాయకులను నడిపించాడు. వారు స్తుతిస్తుండగా శత్రువులు తమలో తామే పోరాడి నశించారు.

హబక్కూకు: అంజూరపు చెట్లు పూయకపోయినా, పొలం పండకపోయినా, సాలలో పశువులు లేకపోయినా తాను దేవునియందు ఆనందిస్తానని ఈ ప్రవక్త ప్రకటించాడు. ఇక్కడ స్తుతి ఉంది కాని కరవు తీరినట్లు చెప్పలేదు.

పౌలు, సీల: అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ప్రకారం, ఫిలిప్పీ చెరసాలలో దెబ్బలు తిని బొండలో కాళ్ళు బిగించబడి ఉన్న వీరిద్దరు మధ్యరాత్రి వేళ దేవునికి కీర్తనలు పాడుతుండగా భూకంపం వచ్చి తలుపులు తెరుచుకొన్నాయి. ఖైదీలు పారిపోయారనుకొని చెరసాల నాయకుడు ప్రాణం తీసుకోబోగా, పౌలు తామందరం ఇక్కడే ఉన్నామని చెప్పి అతనిని ఆపాడు. తలుపులు తెరుచుకొన్నా వారు వెళ్ళిపోలేదన్నది ఈ కథలో గమనించదగిన అంశం. ఆ రాత్రి ముందుగా కాపాడబడినది వారిని బంధించినవాని ప్రాణం.

సంఘ చరిత్రలో

నాలుగవ శతాబ్దంలో మిలాను బిషప్పు అంబ్రోసు, చక్రవర్తి సైనికులు చర్చిని ముట్టడించినప్పుడు (386) లోపలి జనం దిగులుతో కుంగిపోకుండా కీర్తనలు పాడించాడని అగస్టీను వ్రాశాడు. పదహారవ శతాబ్దంలో మార్టిన్ లూథర్ జనభాషలో పాటలు వ్రాసి సామాన్యులచే పాడించాడు. పద్దెనిమిదవ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమానికి చెందిన చార్లెస్ వెస్లీ 6,000కు పైగా కీర్తనలు రచించాడు. ఆయన అన్న జాన్ వెస్లీ 1761లో పాడే పద్ధతిపై కొన్ని సూచనలు ప్రచురించాడు. అందరూ పాడాలి, ఇతరుల గొంతును మించి అరవకూడదు, ప్రతి మాటలో దేవుని తలచాలి అన్నవి వాటిలో కొన్ని.

తెలుగు కీర్తనలు

తెలుగు క్రైస్తవ కీర్తన రచయితలలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన ఆయన 1833లో బాప్తిస్మం పొందాడు. కర్ణాటక రాగాలలో, తెలుగు పదసాహిత్య ఫక్కీలో వందకు పైగా కీర్తనలు, శతకాలు రచించాడు.

ఆయన కీర్తనలు, తరువాతి కవుల రచనలు "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" అనే సంకలనంలో చేరాయి. ఈ పుస్తకాన్ని వివిధ ప్రొటెస్టంటు సంఘాలు ఉపయోగిస్తున్నాయి. ఇందులో కీర్తన పైభాగాన రాగం, తాళం పేర్లు ముద్రించి ఉంటాయి. పాశ్చాత్య బాణీలకు అనువదించిన పాటలు కూడా ఉన్నాయి. 1938లో రాజమండ్రిలో ముంగమూరి దేవదాసు స్థాపించిన బైబిలు మిషను, హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా బక్త్ సింగ్ (1903–2000) నడిపిన సహవాసాలు తమ సొంత పాటలతో ఈ సంపదను పెంచాయి. బక్త్ సింగ్ సహవాసాలలో ఆదివారం నాడు సభ్యులు ఒకరి తరువాత ఒకరు లేచి స్తుతించడం ప్రత్యేకత.

మెదక్, నారాయణఖేడ్ ప్రాంతంలో

నారాయణఖేడ్ పూర్వపు మెదక్ జిల్లాలో, కర్ణాటక సరిహద్దుకు సమీపంలో ఉన్న మెట్ట ప్రాంతం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఇది సంగారెడ్డి జిల్లాలో చేరింది. నిజాం పాలన కాలంలో ఈ చుట్టుపక్కలకు ప్రొటెస్టంటు క్రైస్తవం ప్రధానంగా రెండు మెథడిస్టు శాఖల ద్వారా వచ్చింది. మెదక్ కేంద్రంగా బ్రిటిష్ వెస్లియన్ మిషను, బీదరు, వికారాబాదు కేంద్రాలుగా అమెరికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ మిషను పనిచేశాయి. భౌగోళికంగా నారాయణఖేడ్ మెదక్, బీదరుల నడుమ ఉంది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో నిర్మాణం మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మెదక్ కెథడ్రల్ ఈ ప్రాంతపు ఆరాధనకు ప్రసిద్ధమైన గుర్తు. 173 అడుగుల గోపురం గల ఈ కట్టడం కరవు రోజుల్లో పేదలకు పని, తిండి కల్పించింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లియన్ సంఘాలు మెదక్ అధ్యక్ష మండలంగా అందులో కలిశాయి.

ఈ సంఘాలలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు. వారిలో చదవగలిగినవారు చాలా తక్కువ. అందువల్ల యేసు పుట్టుక, మరణం, పునరుత్థానం వారికి ముందుగా కంఠస్థం చేసిన పాటల ద్వారానే పరిచయమయ్యాయి. పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ మెదక్ ప్రాంతంలోని జంగరాయి చుట్టుపక్కల గ్రామ సంఘాలను పరిశీలించి 1968లో ఇంగ్లీషులో ప్రచురించిన గ్రంథం, గ్రామీణ క్రైస్తవుల విశ్వాసాన్ని, ఆచారాలను తెలుసుకొనేందుకు ముఖ్యమైన ఆధారం.

ఆచరణ విధానం

గ్రామ సంఘాలలో కీర్తన సాధారణంగా భజన పద్ధతిలో సాగుతుంది. ఒకరు పల్లవి ఎత్తుకొంటే మిగిలినవారు అందుకొంటారు. ప్రతి చరణం తరువాత పల్లవి మళ్ళీ వస్తుంది. ఈ పునరుక్తి వల్ల పుస్తకం లేకుండానే పాట నోటికి వస్తుంది. తాళాలు, కంజీర, డోలక్, హార్మోనియం దీనికి వాద్యాలు. పగలు పొలం పనికి వెళ్ళేవారి సౌకర్యం కోసం కూడికలు తరచు రాత్రివేళ జరుగుతాయి. కోత పండుగ నాడు రైతులు, కూలీలు తొలి ధాన్యాన్ని చర్చికి తెచ్చి స్తుతిస్తారు. చావు ఇంటిలో కూడా కీర్తనలు పాడడం ఆచారం.

డప్పు విషయంలో చరిత్ర వేరుగా ఉంది. 1860ల తరువాత ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవులైన మాదిగలు గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టడానికి నిరాకరించి, గ్రామపెద్దల వేధింపులకు గురయ్యారు. వారి దృష్టిలో డప్పు వెట్టికి, విడిచిన పూజకు గుర్తు. ఇరవయ్యవ శతాబ్ది చివరి నుండి దక్షిణ భారత దళిత క్రైస్తవ వేదాంతులు కొందరు దీనికి భిన్నంగా, దళితుల వాద్యం దేవుని స్తుతికి తగినదేనని వాదిస్తున్నారు.

స్తుతి శక్తి: భిన్నాభిప్రాయాలు

స్తుతి వలన కష్టాలు తొలగుతాయన్న బోధ ఇరవయ్యవ శతాబ్దంలో పెంతెకొస్తు, కరిస్మాటిక్ ఉద్యమాల ద్వారా బాగా వ్యాపించింది. అమెరికా సైన్యంలో చాప్లెయినుగా పనిచేసిన మెర్లిన్ కరోథర్స్ 1970లో ప్రచురించిన "ప్రిజన్ టు ప్రైజ్" ఈ భావానికి ప్రాచుర్యం కలిగించింది. జరిగిన ప్రతిదానికీ, కీడుకు సహితం, దేవుని స్తుతించాలని ఆయన బోధించాడు.

దీనిపై రెండు విమర్శలు ఉన్నాయి. మొదటిది, స్తుతిని ఫలితం కోసం చేసే ఉపాయంగా మార్చితే అది స్తుతి కాక బేరం అవుతుందన్నది. రోగం నయం కానివానిని సరిగా స్తుతించలేదని నిందించే ప్రమాదం కూడా ఇందులో ఉంది. రెండవది, కీడు కోసం స్తుతించడం, కీడులో ఉండి స్తుతించడం ఒకటి కావన్నది. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక ప్రతి పరిస్థితిలోను కృతజ్ఞత చెల్లించమంటుంది. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో "సమస్తమును గూర్చి" అన్న భావం ఉంది. రెండింటినీ ఎలా సమన్వయించాలన్న దానిపై వ్యాఖ్యాతలలో ఏకాభిప్రాయం లేదు. అయితే అన్యాయాన్ని దేవుని చిత్తమని అంగీకరించి ఊరకుండడం స్తుతి కాదని, విలాప కీర్తనలే ఇందుకు సాక్ష్యమని పలువురు వేదాంతుల అభిప్రాయం.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక స్తుతిని యాగంతో పోల్చింది. ఆ వెంటనే ఉపకారం చేయడం, ఉన్నది పంచుకోవడం కూడా దేవునికి ఇష్టమైన యాగాలేనని చెప్పింది. స్తుతికి గల శక్తిని సంప్రదాయ బోధకులు ఈ అర్థంలోనే వివరిస్తారు. పరిస్థితి మారినా మారకపోయినా, స్తుతించేవానిని భయం నుండి, స్వార్థం నుండి విడిపించి తోటివానివైపు తిప్పడమే దాని శక్తి అని వారి భావం.

ఇవి కూడా చూడండి

కీర్తనల గ్రంథము
పురుషోత్తమ చౌదరి
మెదక్ కెథడ్రల్
నారాయణఖేడ్
భజన