పెండలం తెగులు కర్రతోనే వస్తుంది
సగ్గుబియ్యం వర్తకులు గమనించదగిన విషయం

సగ్గుబియ్యం ధర పెరిగినా, తగ్గినా వర్తకుల చూపు ముందుగా సేలం మీదికి పోతుంది. అక్కడి రాబడి, సామర్లకోట, పెద్దాపురం మిల్లులకు దుంప రాక, ఉత్తరాది గిరాకీ లెక్కకు వస్తాయి. కాని రానున్న ఏడాది సరుకు చాలావరకు నాటే కర్రలోనే నిర్ణయమై ఉంటుంది.

కర్రపెండలం కాండపు ముక్కలతో నాటే పంట. మొజాయిక్ తెగులు కలిగించే వైరస్ ఈ ముక్కల్లో దాగి ఒక పంట నుంచి మరో పంటకు దిగుతుంది. పొలంలో తెల్లదోమ దానిని మొక్క నుంచి మొక్కకు చేరవేస్తుంది. ఆకులపై పసుపు మచ్చలు పడి, ముడుచుకొని, దుంప సరిగా ఊరదు. దోమ వల్ల ఆలస్యంగా తెగులు సోకిన మొక్క కొంత దిగుబడి ఇస్తుంది. తెగులు కర్రనే నాటితే మొదటి నుంచీ నష్టమే.

ఈ తెగులు ఎంతటిదో ఉగాండా చూసింది. 1980 దశకం చివర అక్కడ ఉధృతమైన రకం మొదలై 1990 దశకంలో వ్యాపించింది. పెండలమే ముఖ్యాహారమైన ప్రాంతాల్లో రైతులు పంటనే వదులుకోవలసి వచ్చింది. ఆసియాలో శ్రీలంక, దక్షిణ భారతాల్లో ఉన్న వైరస్ 2015లో కంబోడియాలో బయటపడింది. 2017లో వియత్నాంకు, 2018లో థాయ్‌లాండ్‌కు పాకింది. పెండలం స్టార్చ్ ఎగుమతిలో థాయ్‌లాండ్‌దే అగ్రస్థానం కనుక ఇది వర్తకులకు పరాయి సంగతి కాదు.

వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. అందువల్ల పరిశోధన మూడు దారుల్లో సాగింది. మొక్క చివరి మొగ్గ కణజాలంతో వైరస్ లేని మొక్కలు పెంచడం ఒకటి. తెగులు మొక్కలను తొలిదశలోనే పీకివేయడం రెండవది. తట్టుకొనే రకాలను రూపొందించడం మూడవది. నైజీరియా నుంచి తెచ్చిన రకం ఆధారంగా తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ శ్రీ పద్మనాభను విడుదల చేసింది. తరువాత శ్రీ రక్ష వంటివి వచ్చాయి.

అయితే మంచి కర్ర త్వరగా పెరగదు. ఒక మొక్క నుంచి దాదాపు పది ముక్కలే వస్తాయి. పంటకు తొమ్మిది, పది నెలలు పడుతుంది. కొత్త రకం జిల్లా అంతటా చేరేసరికి ఏళ్లు గడుస్తాయి.

కోత తరువాత కట్టలు కట్టి నిలిపిన కర్రకు ఆకు ఉండదు, తెగులు కనబడదు. పంట పొలంలో ఉండగానే ఆరోగ్యమైన మొక్కలకు గుర్తు పెట్టి, ఆ కర్రనే వేరుగా దాచాలి. దుంప కోసం బయానా ఇచ్చే మిల్లరు కోతకు ముందు ఒకసారి పొలం చూసి, కర్ర ఎక్కడిదో అడిగితే వచ్చే ఏడాది సరుకు అంచనా కొంతైనా ముందుగా చేతికందుతుంది.