రంగు గీకితేనే అతుకు నిలిచింది

రేపల్లె: ఆ ఊరి చర్చిలో గిటారు ఉందంటే అది యువజనుల చెమట. ఒక సంవత్సరం పత్తి తీతకు వెళ్లి, మరో సంవత్సరం మినుము పీకి, తలా కొంత వేసుకుని కొన్నారు. ఆదివారం ఆరాధనలో డోలక్, తాళాల పక్కన అది మోగుతుంటే ఊరు ఊరంతా మురిసిపోయింది. అలాంటి గిటారు మొన్న వేసవిలో గోడకు వేలాడుతూ వేలాడుతూనే 'ఫట్'మంది. తీగలు జారిపోయాయి. తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి సగం లేచి నోరు తెరిచింది.

బ్రిడ్జి అంటే వీణ మీద గుర్రం లాంటిదే. కాకపోతే వీణ గుర్రం తీగల కింద ఉంటుంది, తీగల కొసలు వేరే చోట ముడి పడతాయి. గిటారులో ఆ రెండు పనులూ ఈ జానెడు చెక్క ముక్కే చేయాలి. ఇనుప తీగల గిటారును శ్రుతి చేస్తే ఆరు తీగలూ కలిసి లాగే లాగుడు దాదాపు 70 కిలోలు. అంటే ఇంచుమించు ఒక ధాన్యం బస్తా. ఆ బస్తాను రాత్రింబగళ్లు మోసేది మూడు మిల్లీమీటర్లకు మించని పై పలక, దాని మీద అతికించిన ఈ ముక్క. తీగలు దాన్ని ముందుకు లాగుతాయి, వెనుక అంచు పైకి లేవాలని చూస్తుంది. అతుకులో ఎక్కడ బలహీనత ఉన్నా అక్కడే బయటపడుతుంది.

మొదటి అతుకు పన్నెండు రోజులే

గిటారును ఊళ్లోని వడ్రంగి దగ్గరకు తీసుకెళ్లారు. అరవై దాటిన మనిషి. నాగలి మేడి నుంచి పెళ్లి మంచం దాకా చేసిన చెయ్యి. "బాబాయ్, ఇది అతికించి పెట్టు" అన్నారు కుర్రాళ్లు. "చెక్కకు చెక్క అతికించడం కూడా ఒక పనేనట్రా" అని ఆయన నవ్వాడు. బ్రిడ్జి పూర్తిగా ఊడదీసి, తుడిచి, బజారులో దొరికే తెల్ల జిగురు దండిగా పూసి, పైన రోకలి బరువు పెట్టాడు. తెల్లారి ఇచ్చేశాడు.

పన్నెండో రోజు, నిండు ఆరాధనలో, పాట మధ్యలో అది మళ్లీ ఊడింది. పిల్లలు గొల్లుమన్నారు. పెద్దలు వెనక్కు తిరిగి చూశారు. వడ్రంగి కూడా అక్కడే ఉన్నాడు. సాయంత్రం ఆయనే వెళ్లి, తీసుకున్న డబ్బు కుర్రాళ్ల చేతిలో పెట్టాడు. "నా చేతి అతుకు ఊడటం ఇదే మొదలు. ఎందుకు ఊడిందో తెలిసేదాకా దాన్ని నా కొట్లోనే ఉంచండి" అన్నాడట.

వర్షాకాలమంతా ఆ గిటారు ఆయన కొట్లో దూలానికి వేలాడింది. దసరా తరువాత ఏదో పని మీద నూజివీడు వెళ్లినప్పుడు బ్రిడ్జి ముక్కను సంచిలో వేసుకుని వెళ్లాడు. నూజివీడు పనస చెక్క వీణలకు పేరుపడిన ఊరు. అక్కడ వీణలు చేసే ఒకాయనకు ముక్క చూపించాడు. ఆయన దాన్ని తిప్పి అడుగు చూసి ఒకే మాట అడిగాడు: "దీనికి అంటుకుని వచ్చింది చెక్కా, రంగా?"

దోషం జిగురుది కాదు

అప్పుడు తెలిసింది అసలు సంగతి. బ్రిడ్జి అడుగున పలక తాలూకు చెక్క పీచు ఒక్కటీ లేదు. అద్దంలా మెరిసే వార్నిషు పొర మాత్రం పెచ్చులుగా అంటుకుని ఉంది. ఎక్కడో కార్ఖానాలో గిటారు అంతటికీ ముందు మెరుగు పట్టించి, ఆరాక ఆ మెరుగు మీదనే బ్రిడ్జి అతికించారు. జిగురు వార్నిషును పట్టుకుంది, వార్నిషు చెక్కను వదిలేసింది. సున్నం వేసిన గోడకు కాగితం అంటిస్తే కాగితం సున్నాన్ని ఊడబెరుక్కుని వచ్చినట్టు. వడ్రంగి చేసిన అతుకూ ఆ మెరుగు మీదనే కాబట్టి దానికీ అదే గతి పట్టింది.

మంచి అతుకు ఊడితే చెక్క పీచు చిరిగి రావాలి. రంగు పొర ఊడి వస్తే అది అతుకే కాదు. గిటారు పని తెలిసిన వారందరూ ఒప్పుకునే మాట ఇది. మంచి గిటార్లు చేసేచోట బ్రిడ్జి కూర్చునే చోటును మెరుగు పెట్టకముందే టేపుతో కప్పి ఉంచుతారు. లేదా మెరుగు పూర్తయ్యాక అంతమేర గీకి పచ్చి చెక్క తేలుస్తారు. ఈ రెండింటిలో ఏదీ చేయకుండా వదిలేస్తే పని త్వరగా అవుతుంది, సరుకు చవకగా వస్తుంది. ఆ చవక ఖరీదు కొన్నవాడు తరువాత కడతాడు.

ఇప్పుడు చూస్తున్న ఆరు తీగల గిటారుకు ఆకారం దిద్దిన వాడు స్పెయిన్ దేశంలో అల్మేరియాకు చెందిన ఆంటోనియో దె టోరెస్ (1817-1892). ఆయన నాటి గిటార్లకు నరపు తీగలు. ఇనుప తీగలు వచ్చాక లాగుడు బాగా పెరిగింది. లాగుడు పెరిగేకొద్దీ బ్రిడ్జి అతుకుకు పరీక్షా పెరిగింది.

రెండో పని నాలుగు రోజులు

ఈసారి ఆయన తొందరపడలేదు. ముందు కొలత చూశాడు. మెడ మొదట్లో ఉన్న కడ్డీ నుంచి పన్నెండో మెట్టు దాకా ఎంత దూరమో, అక్కడి నుంచి బ్రిడ్జి మీది కడ్డీకి అంతే దూరం, పైన రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. అది తప్పితే అతుకు ఎంత గట్టిదైనా శ్రుతి నిలవదు. కొలత సరిపోయింది.

తరువాత బ్రిడ్జిని దాని చోట పెట్టి, చుట్టూ సన్నని గీత గీశాడు. ఆ గీతకు ఒక మిల్లీమీటరు లోపలగా పదునైన కత్తితో వార్నిషు మాత్రమే తెగేలా కోశాడు. ఇక్కడ చెయ్యి బరువైతే కొంప మునుగుతుంది. కత్తి చెక్కలోకి దిగితే, లాగుడు ఎక్కువగా ఉండే చోటనే పలక పీచు తెగుతుంది. పైగా చవక గిటార్ల పై పలక పొరల చెక్క. పై పొర మందం మిల్లీమీటరు కూడా ఉండదు. గీకుతూ గీకుతూ దాన్ని దాటితే పలక పాడైనట్టే. అందుకని ఉలిని నిలువుగా పట్టుకుని, కోసకుండా గీరుతూ, వార్నిషు పొడి రాలడం ఆగి చెక్క పొడి కనబడగానే ఆపేశాడు. ఒక పూట పట్టింది.

పై పలక చదునుగా ఉండదు, కొద్దిగా ఉబ్బి ఉంటుంది. బ్రిడ్జి అడుగు చదునుగా ఉంటే మధ్యలో ఆని, అంచులు గాలిలో ఉంటాయి. పలక మీద గరుకు కాగితం పరిచి, దాని మీదే బ్రిడ్జిని రుద్ది, అడుగును పలక ఉబ్బుకు సరిపడేలా తెచ్చాడు. ఎక్కడ ఆనుతోందో తెలియడానికి మధ్యలో కార్బన్ కాగితం పెట్టి చూశాడు. నల్ల మచ్చ పడినచోట కాస్త గీరి, మళ్లీ పెట్టి, మచ్చ అంతటా సమంగా పడేదాకా చేశాడు. అంచున మిగిల్చిన మిల్లీమీటరు వార్నిషు మీద బ్రిడ్జి ఎక్కి కూర్చోకుండా, బ్రిడ్జి అడుగు అంచును ఆ మందం మేరకు తగ్గించాడు.

జిగురూ మార్చాడు. మామూలు తెల్ల జిగురు ఎండ వేడికి మెత్తబడుతుంది, లాగుడుకు మెల్లగా జారుతుంది. తోళ్లు కాచి తీసే పాతకాలపు జిగురు ఆరితే గాజులా గట్టిపడుతుంది, జారదు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి, అరవై డిగ్రీలకు అటూ ఇటూగా కాచి, చల్లారేలోపు పూసి బిగించాలి. అందుకే ముందు జిగురు లేకుండా రెండుసార్లు బిగించి చూసుకున్నాడు. గుండ్రటి రంధ్రం గుండా క్లాంపులు పెట్టి, లోపల అడ్డకర్రలకు దెబ్బ తగలకుండా చెక్క ముక్క ఆనించి బిగించాడు. పిడికిలి బలమంతా పెట్టలేదు. మరీ బిగిస్తే జిగురంతా బయటకు కక్కి, అతుకు ఎండిపోతుంది. కక్కిన జిగురు తడిగుడ్డతో తుడిచాడు. రెండు రోజులు ముట్టనివ్వలేదు.

"తీగలు వేద్దామా బాబాయ్, పండుగ దగ్గరకొచ్చింది" అని కుర్రాళ్లు తిరుగుతూనే ఉన్నారు. "పన్నెండు రోజుల అతుకు కావాలా, పన్నెండేళ్ల అతుకు కావాలా?" అని ఆయన కసిరాడు. మూడో రోజు తీగలు వేసి సగం శ్రుతిలో ఉంచి, నాలుగో రోజు పూర్తి శ్రుతికి తెచ్చాడు.

ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది

చర్చిల్లో, భజన మందిరాల్లో, ఇళ్లలో గిటారు ఉన్నవాళ్లు నెలకొకసారి బ్రిడ్జి వెనుక అంచు కింద పలుచని కాగితం దూర్చి చూడాలి. కాగితం లోపలికి పోతే అతుకు వదులుతున్నట్టు. వెంటనే తీగలు సడలించి పని తెలిసిన వారికి చూపాలి. పూర్తిగా ఊడేదాకా ఆగితే పలక చెక్క కూడా చిరిగి రావచ్చు. రేకుల కప్పు కింద, ఎండ తగిలే గోడకు వేలాడదీయరాదు. అతికించేవారిని "అడుగున రంగు తీస్తారా?" అని ఒక్క మాట అడిగితే చాలు.

క్రిస్మస్ ముందు రాత్రి యువజనులు ఇల్లిల్లూ తిరిగి పాడారు. వడ్రంగి గుమ్మం ముందు కాస్త ఎక్కువసేపే పాడారు. ఆయన అరుగు మీద కూర్చుని పాట వినలేదు. లాంతరు ఎత్తిపట్టి, బ్రిడ్జి వెనుక అంచునే చూస్తూ కూర్చున్నాడు. పాట అయ్యాక కుర్రాళ్లు కూలి డబ్బు ఇవ్వబోతే, "వేసవి గడవనివ్వండి, అప్పుడు తీసుకుంటా" అన్నాడు.