బడి మానిన మఱునాడు



నెలకు నాలుగు దినములు బడి మానినంత మాత్రమున పిల్లవాని చదువు చెడునా యని తల్లిదండ్రులు నన్ను పలుమాఱు అడిగియున్నారు. ముందుగా లెక్క చూతము. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 1వ తరగతి మొదలు 5వ తరగతి వఱకు ఏటికి కనీసము 200 దినములును, 6 మొదలు 8వ తరగతి వఱకు 220 దినములును బడి జరుగవలెనని విధించినది. నెలకు నాలుగు చొప్పున పది నెలలలో 40 దినములు పోవును. ఎనిమిదేండ్లకు 320 దినములు. అనగా 8వ తరగతి ముగించిన బాలుడు నిజమునకు ఏడేండ్ల చదువైనను చదువలేదు.

మన పూర్వులును పాడ్యమి, అష్టమి మొదలగు తిథులయందు అనధ్యయనము పాటించిరి గదా యని కొందఱనవచ్చును. సత్యమే. కాని ఆ దినములందు గురువు చెప్పడు, శిష్యుడు చదువడు. పాఠము ఆగినచోటనే యుండును. బడి మానుట అట్టిది కాదు. పాఠము ముందునకు సాగిపోవును. మానినవాడొక్కడే వెనుక నిలిచిపోవును.

ఒక ఉదాహరణము చెప్పెదను. సోమవారమునాడు కసాగు చెప్పిరి. ఆనాడు బాలుడు రాలేదు. మంగళవారమునాడు మూడింట ఒకటిని, నాలుగింట ఒకటిని కూడుట చెప్పుచు, ఉపాధ్యాయుడు నల్లబల్లపై హారము 12 అని వ్రాసెను. ఆ పండ్రెండు ఎచ్చటనుండి వచ్చినదో తక్కినవారెఱుగుదురు, వాడెఱుగడు. అడుగుటకు సిగ్గు. అడుగకున్న నాటి పాఠమును తెలియదు. కావున పోయినది ఒక దినము కాదు, రెండు. మూడవనాడు కడుపునొప్పి యని ఇంటనే యుండును. బడి మానుటవలన చదువు వెనుకబడును. చదువు వెనుకబడుటవలన బడి మానుట పెరుగును.

ఈ సత్యమును నేను ఆలస్యముగా గ్రహించితిని. కర్నూలు జిల్లా పడమటి గ్రామములనుండి అనేక కుటుంబములు మిరపకోతలకై గుంటూరు సీమకు వలసపోవుట మీరెఱిగినదే. నేను ఉపాధ్యాయవృత్తిలో చేరిన క్రొత్తలో, అట్లు పోయిన యొక బాలుడు నెలన్నరకు తిరిగివచ్చెను. నేను వానిని లేపి గుణసంధి సూత్రమడిగితిని. వాడు తలవంచుకొని నిలిచెను. "ఇన్నాళ్లు ఎక్కడ ఊరేగితివి?" అని అందఱియెదుట గద్దించి, బల్లపై నిలువబెట్టితిని. మఱునాడు వాడు రాలేదు. మఱి ఎన్నడును రాలేదు. హాజరుపట్టీలో వాని పేరునకెదురుగా గైరుహాజరు గుర్తులు వేసినవాడను నేను. వానికి కారణమైనవాడనును నేనే.

కావున నా మనవి యిది. బడి మానుటకు కారణములు పెక్కు కలవు: జ్వరము, పసిబిడ్డకు కాపలా, కూలిపని, ఎదిగిన ఆడుపిల్లలకు మఱుగుదొడ్డి లేకపోవుట. ఇవి యన్నియు బాలుర సోమరితనములు కావు. తల్లులారా, చిన్నబిడ్డను అంగన్‌వాడీకి పంపి పెద్దదానిని బడికి పంపుడు. వలసపోవువారలారా, పిల్లలను వసతిగృహమున విడువ వీలుకానిచో, పోయిన యూరి బడిలోనైన చేర్పుడు. బదిలీపత్రము లేదను కారణమున చేర్చుకొనకుండుట పై చట్టమునకు విరుద్ధము.

ఉపాధ్యాయ సోదరులారా, మానినవాడు తిరిగివచ్చిన దినమే మిక్కిలి ముఖ్యమైనది. ఆనాడు సంజాయిషీ అడుగకుడు. చదువరియైన తోటివాని ప్రక్క కూర్చుండబెట్టుడు. బడి విడిచినపిదప పావుగంట వానికొఱకు వెచ్చింపుడు. ఏ పాఠము తప్పినదో ఆ ఒక్కటి చెప్పిన చాలును. తక్కినది వాడే అందుకొనును.

ఆ పావుగంట నేనానాడు ఇయ్యలేదు. మీరు ఇయ్యుడు. సెలవు.