మీకు తెలుసా? పోరుగడ్డపై ఎగిరిన దక్కన్ ఎయిర్‌వేస్

• నైజాము ప్రభుత్వమును టాటా సంస్థయు కలసి 1945లో నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ అను చిన్న విమానసంస్థ, హైదరాబాదులోని బేగంపేట కేంద్రముగా మద్రాసు, బెంగళూరు, ఢిల్లీ నగరములకు ప్రయాణికులను చేరవేయుచుండెను.

• పటముపై హైదరాబాదు నుండి బెంగళూరునకు సూటిగా గీసిన రేఖ నాటి పాలమూరు జిల్లా మీదుగను, మద్రాసునకు గీసినది నల్లగొండ జిల్లా మీదుగను పోవును. ఆ నల్లగొండ పల్లెలలోనే 1946 మొదలు 1951 వఱకు, వెట్టిచాకిరికిని రజాకార్ల దౌష్ట్యమునకును ఎదురొడ్డి రైతాంగ సాయుధపోరాటము సాగెను. 1948 సెప్టెంబరులో బెజవాడనుండి బయలుదేరిన భారతసైన్యము ఆ జిల్లాలోని సూర్యాపేట దారినే హైదరాబాదునకు నడచెను.

• ఈ సంస్థ నడపిన డకోటా విమానములు తోకక్రింది చిన్నచక్రముపై ఒరిగి, ముక్కు పైకెత్తి నిలిచియుండునవి కావున, లోనికి ప్రవేశించినవారు గుట్ట నెక్కినట్లు ఏటవాలు నడవలో ఎగబ్రాకి తమ ఆసనములను చేరవలసివచ్చెడిది.

• స్త్రీ యను కారణమున పెక్కు సంస్థలు త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్‌కు, భారతదేశమున తొలి మహిళా వాణిజ్య పైలటుగా కొలువిచ్చిన కీర్తి ఈ సంస్థదే.

• 1953 ఆగస్టులో విమానసంస్థల జాతీయీకరణము జరుగగా, దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమయ్యెను.